డీన్ దొర పాడిన పాట

విద్యార్థిని నొయెమీ కళ్లముందే జరిగింది. కార్లు నిలిపే చోట పాకీపని ఆడవాళ్లను వరసగా నిలబెట్టి, కాంట్రాక్టరు మనిషి ఒక్కొక్కరి మెడలోంచి గుర్తింపు కార్డు లాగి బకెట్లో పడేసి, ఇక పనిలోకి రావద్దన్నాడు. వాళ్లు చేసిన పాపమల్లా, మందునీళ్లకు చేతులు పొక్కుతున్నాయి, తొడుగులు ఇప్పించండని అడగడం. అమెరికాలోని ఆ విశ్వవిద్యాలయంలో తను కడగని గది లేని నొయెమీ మేనత్త ఎదువిహెస్ కూడా ఆ వరసలో ఉంది. డీన్ హాలోవెల్ దొర కిటికీలోంచి చూసి తెర దించుకున్నాడు.

ఆ మధ్యాహ్నమే అదే దొర నొయెమీని పిలిపించి తియ్యగా నవ్వాడు. లాటినెక్స్ సంస్కృతిని, అంటే మెక్సికో, ఆ చుట్టుపక్కల దేశాల నుంచి వచ్చినవాళ్ల సంస్కృతిని, వ్యాప్తి చేసినందుకు ఈ ఏటి విద్యార్థి పురస్కారం ఆమెదేనట. పై ఏడు చదువు ఖర్చంతా వాళ్లదేనట. మెక్సికో వాళ్ల క్రిస్మస్ పాటల పండగ పొసాదాను ఆమె ఏటా జరిపిస్తోంది కదా, అక్కడే ఇస్తారట. తనూ పాడతానన్నాడు. కడిగే చేతుల మీద లేని ప్రేమ పాటల మీద పొంగుకొచ్చింది మహానుభావుడికి.

సాయంత్రం చర్చి వంటింట్లో ఆకుల్లో చుట్టి ఉడికించే తమాలెలకు మొక్కజొన్న పిండి పిసుకుతూ అందరూ కూడారు. పురస్కారం మొహాన కొట్టి వస్తానంది నొయెమీ. కొందరు చదువు పాడుచేసుకోవద్దన్నారు, కొందరు కొట్టాల్సిందే అన్నారు. ఇంతకీ ఈ లాటినెక్స్ ఎవరని ఓ ముసలమ్మ అడిగితే, "మనమేనటే, కార్డులు లాక్కునేటప్పుడు మాత్రం కాదు," అంది ఎదువిహెస్. తర్వాత మేనకోడలి వైపు తిరిగింది.

"నువ్వు వెళ్లు పిల్లా. వాణ్ణి పాడనీ. బయట నిలబడి పాడేది మేం."

పొసాదా అంటే అంతే. నిండు చూలాలు మరియమ్మతో యోసేపు ఇల్లిల్లూ తిరిగి చోటడుగుతాడు. బయటివాళ్లు అడుగుతూ పాడితే లోపలివాళ్లు పొమ్మని పాడతారు. చివరికి తలుపు తీస్తారు, అందరూ కలిసి తింటారు. తలుపు తియ్యని పొసాదాను ఆ జనంలో ముసలీ ముతకా కూడా చూసి ఎరగరు.

పండగనాడు పొద్దు గూకేసరికి విశ్వవిద్యాలయం హాలు నిండింది. దొర భుజాన రంగుల శాలువా. పొమ్మని పాడే వంతు ఆయనదే. ఏం పాడాడని! మాట తప్పలేదు, శ్రుతి తప్పలేదు. పుట్టినప్పటి నుంచీ సాధన చేసినట్టు పొమ్మన్నాడు. తలుపు తీసే చరణం వచ్చింది. గడియ మీద చెయ్యి వేసి తలుపు అద్దంలోంచి బయటికి చూశాడు. కొవ్వొత్తులు పట్టుకున్నవి పొక్కిన చేతులు. దొర చెయ్యి వెనక్కొచ్చింది. కాపలావాళ్లకు సైగ చేశాడు.

"తియ్యండి సార్," అంది నొయెమీ. "పాటలో తీస్తారు."

"అది వేరే విషయం అమ్మాయ్. ఇవాళ సంస్కృతి గురించి మాట్లాడుకుందాం. ఇదిగో, అందుకో."

ఆయన అందించిన పురస్కార ఫలకాన్ని ఆమె ముట్టుకోలేదు. "మరియమ్మను వాకిట్లో నిలబెట్టినవాడి చేత్తో నాకేమీ వద్దు."

హాలు వెనకున్న వంటింటి వైపు నడిచింది. గిటార్ల కుర్రాళ్లు లేచారు. వడ్డించేవాళ్లు గిన్నెలు ఎత్తుకున్నారు. విద్యార్థులు కుర్చీలు తోసుకుని లేచారు. హాలు హాలంతా వెనక తలుపు గుండా బయటికొచ్చి ఆ ఆడవాళ్ల పక్కన నిలబడింది. మా కార్డులు మాకివ్వమన్న చరణం ఒకటి కలిపి, పాట మళ్లీ మొదటినుంచి ఎత్తుకున్నారు. లోపల జవాబు పాడటానికి దొర ఒక్కడే మిగిలాడు.

కాసేపటికి తలుపు బెత్తెడు తెరిచి, పండగ అయిపోయింది, ఇళ్లకు వెళ్లమన్నాడు.

"ఎక్కడయ్యా అయిపోయింది?" అంది ఎదువిహెస్, తమాలె మీది ఆకు విప్పుకుంటూ. "మా పొసాదా తొమ్మిది రోజులు. ఇవాళ మొదటి రోజు."

రెండో రోజు పాడటానికి వచ్చినవాళ్లకు వాకిట్లో చోటు చాలలేదు.