నల్ల టేపు

ఆయనది వీధి చివర ఫోటో స్టూడియో. ముప్ఫై ఏళ్లుగా ఊళ్లో అందరి మొహాలూ తీశాడు గానీ, కట్టుకున్నదాని ఫోటో ఒక్కటి సరిగ్గా తీసిన పాపాన పోలేదు. "రేపు తీస్తాలేవే" అనడం, ఆ రేపు రాకపోవడం. ఇక ఆ పెద్దమనిషి పొగరు సంగతి చెప్పనే అక్కర్లేదు. వెలుగుని కెమెరాయే సరిచూసుకునే ఆటో మోడ్ అంటే ఒంటికాలి మీద లేచేవాడు. తీసిన ఫోటోను వెనక తెర మీద చూసుకోవడం చేతకానితనమని, ఆ తెరకు నల్ల టేపు అంటించేశాడు కూడా!

ఇప్పుడు ఆవిడ మంచాన పడింది. వారం గడిస్తే గొప్పని డాక్టరు చెప్పేశాడు. ఆ ఉదయం ఎందుకో కాస్త తేరుకుని, కూతురి చేత జడ వేయించుకుని, కిటికీ పక్కన కుర్చీలో కూర్చుంది.

"ఏవండీ, ఇవాళైనా నన్ను తీస్తారా? గోడకి పెట్టుకోవడానికి ఒకటి ఉండాలిగా," అని నవ్వింది.

ఆయన గబగబా కెమెరా తెచ్చాడు.

"ఆటోలో పెట్టు నాన్నా. అమ్మ ఎక్కువసేపు కూర్చోలేదు," అంది కూతురు.

"నాకే నేర్పుతున్నావా? వెలుగెంతో నా కళ్లకి తెలీదా!"

తెలుసు. కానీ ఆ కళ్ల నిండా నీళ్లు. ముందురోజు చీకటి హాల్లో సన్మానసభ తీసినప్పటి సెట్టింగులు అలాగే ఉండిపోయాయి. లెన్సు బార్లా తెరిచి ఉంది, షట్టరు నెమ్మదిగా ఉంది, మసక వెలుగులో పెంచుకునే ఐఎస్‌ఓ బాగా పెంచి ఉంది. కిటికీలోంచి ఎండ దంచేస్తోంది. వెలుగు మరీ ఎక్కువైందని కెమెరా లోపల మీటరు మిణుకుమిణుకుమంటూ మొత్తుకుంటున్నా ఆయనకు కనబడలేదు. పది ఫోటోలు తీశాడు. ఆవిడ పదిసార్లూ నవ్వి, "ఇక చాలండీ" అంటూ వాలిపోయింది.

స్టూడియోకి వెళ్లి కంప్యూటరులో చూస్తే పదీ తెల్లకాగితాలే. చీకటైన ఫోటోను ఎలాగోలా బాగు చేయొచ్చు, వెలుగుకి కాలిపోయినదాంట్లో వెతకడానికేమీ మిగలదు. ఆ మాట పదిమందికీ చెప్పేది ఆయనే.

టేపు పీకేసి, కెమెరాను ఆటో మోడ్‌లో పెట్టుకుని ఇంటికి పరుగెత్తాడు. ఆవిడ మళ్లీ లేవలేదు. కళ్లు మూసుకునే అడిగింది.

"ఎలా వచ్చానండీ?"

"మహారాణిలా ఉన్నావే," అన్నాడు.

మూడో రోజు ఆవిడ పోయింది. గోడకి పెట్టడానికి కూతురు ఆవిడ గుర్తింపు కార్డు ఫోటోనే పెద్దది చేయించింది. ఎవరో గుమాస్తా, తలెత్తి ఆవిడ మొహమైనా చూడకుండా, ఆటో మోడ్‌లో నొక్కిన ఫోటో. అందులో ఆవిడ నవ్వడం లేదు. వెలుగు మాత్రం సరిగ్గా సరిపోయింది.