సాయవ్వ నోటి మంత్రం

నేను ఒక పటకారును. ఎడ్ల నాడాల్లో అరిగిపోయిన మేకులు పీకడానికి కమ్మరి ఈరయ్య నన్ను చేశాడు. అది నిజాం కాలం. మా ఊళ్ళో పంటినొప్పికి వైద్యుడు లేడు గనక జనం కూడా ఈరయ్య ముందే నోరు తెరిచేవారు. ఎద్దులు ఒక్కనాడూ అరిచి గోల చేయలేదు. మనుషుల గోల మాత్రం చెప్పక్కర్లేదు.

ఊళ్ళో కాన్పులు చేసే సాయవ్వకు పసరు వైద్యమూ తెలుసు. ఈరయ్యకు బొడ్డు కోసింది ఆమే. కొడుకూ కోడలూ కలరాకు పోయాక మనవరాలు ఎల్లిని తనే పెంచుతోంది. ముసలిది నడుస్తూ నడుస్తూ తనలో తాను గొణుక్కునేది. ఎల్లికీ అదే అలవాటైంది. వాళ్ళిద్దరూ కొలిమి ముందునుంచి వెళ్తుంటే నాకు ముచ్చటేసేది.

ఆ వానాకాలం ఊళ్ళో విషజ్వరం పాకింది. పటేలు చిన్నకొడుకు మంచం పట్టగానే అందరికీ సాయవ్వ గొణుగుడు గుర్తొచ్చింది. అది బాణామతి అన్నారు. నిన్నటిదాకా ఆమె పసరు తాగినవాళ్ళే ఆ మాట ముందుగా అన్నారు. మంత్రగత్తె పళ్ళు పీకేస్తే మంత్రం నోట సరిగ్గా పలకదనీ, పలకని మంత్రం పారదనీ వాళ్ళ నమ్మకం. ఈరయ్యను పిలిచారు. కాదంటే నువ్వూ మంత్రగాడివేనన్నారు.

సాయవ్వ బతిమాలలేదు. "పిల్లను అవతలికి పంపు, చూస్తే జడుసుకుంటది. ఇగ కానీ బిడ్డా," అంది. ఈరయ్య ఏడుస్తూనే ఆ పని చేశాడు. ఇనుప ముక్కనైనా నాకు సిగ్గేసింది.

పటేలు కొడుకు బతకలేదు. ఇప్పటికైనా జనం తప్పు తెలుసుకుంటారనుకున్నాను, వెర్రిదాన్ని. వాళ్ళు మళ్ళీ వెళ్ళి సాయవ్వ నోరు తెరిపించి చూశారు. ఒక్క పన్నూ మిగల్లేదు. అప్పుడు పటేలు మెల్లగా అన్నాడు: "ముసల్ది పిల్లకు నేర్పినట్టుంది. అది గూడ గొణుగుతది."

ఎల్లివి ఇంకా పాలపళ్ళే. ఈరయ్య ఆ మాట చెప్పి చూశాడు, ఎవరూ చెవిన పెట్టలేదు. పటకారు తెస్తానని ఇంటికొచ్చి, నన్ను కొలిమి వెనక బావిలో పడేశాడు. మునుగుతుంటే నాకు ప్రాణం లేచొచ్చింది. పిల్ల దక్కిందనుకున్నాను.

పైన మాటలు వినిపిస్తూనే ఉన్నాయి. వెనకే కొలిమికొచ్చిన పటేలుతో పటకారు కనబడటం లేదని ఈరయ్య అన్నాడు. పటేలు కోప్పడలేదు. పక్కూరి కమ్మరిని పిలుచుకు రమ్మని బండి కట్టించాడు. ఆ బండి వెళ్ళిన చప్పుడు విన్నాను. పొద్దు గూకకముందే అది తిరిగొచ్చిన చప్పుడూ విన్నాను.