చుక్కికి రెండు ఆషాఢాలు

ఆషాఢం వచ్చిందంటే కొత్త పెళ్లికూతుళ్లు పుట్టింటికి పోతారు. మా చుక్కి పెనుకొండకు పోతుంది.

చుక్కి మా గుర్రం. నుదుటన తెల్ల మచ్చ ఉంది కాబట్టి ఆ పేరు. హిందూపురంలో పెళ్లికొడుకులను ఎక్కించుకుని బ్యాండు మేళం వెనక నడవడం దాని పని. కళ్లెం పట్టుకుని దాని ముందు నడవడం మా ఆయన ఎర్రిస్వామి పని. ఒకప్పుడు జట్కా కూడా తోలేవాడు. ఆటోలు వచ్చాక జట్కా మూలన పడింది, పెళ్లిళ్లే మిగిలాయి. ఆషాఢంలో పెళ్లిళ్లు ఉండవు. ఆ సంగతి గుర్రం కడుపుకు చెబితే వింటుందా?

అందుకే ఏటా జ్యేష్ఠం దాటగానే దాన్ని పెనుకొండలో గుర్రాల బేరం చేసే గంగాధరప్పకు అమ్మేవాళ్లం. పెళ్లిళ్లు లేని నెలలో గుర్రాన్ని అడిగే నాథుడు ఉండడు కనుక ఆయన చెప్పిందే ధర. శ్రావణంలో ముహూర్తాలు మొదలు కాగానే మళ్లీ ఆయన దగ్గరికే పోయి, అదే చుక్కిని ఒకటిన్నర రెట్లు పెట్టి కొనుక్కునేవాళ్లం. నెల రోజుల గడ్డికి అంత ఖరీదు లోకంలో ఎక్కడా ఉండదు. తెలిసే చేసేవాళ్లం. చేతిలో లేనివాడికి తెలివి ఉండి ఏం లాభం?

తొంభై ఆరులో అధికమాసం పడి ఆషాఢాలు రెండు వచ్చాయి. నాకు ఒళ్లు మండింది.

“ఈసారి అమ్మొద్దయ్యా. నేను పట్టుగూళ్ల మార్కెట్లో కూలికి పోతాండా కదా, ఎట్లోకట్ల మేపుదాం,” అన్నాను.

“మనకే గతి లేదు. దానికి ఉలవలు యాడనుంచి తెస్తావే ఈరక్కా?” అని మా ఆయన దాన్ని తోలుకుపోయాడు. రెండు నెలలు మేపాలని చెప్పి గంగాధరప్ప ధర ఇంకా తగ్గించాడు.

ఆ డబ్బును నేను ముట్టనివ్వలేదు. పట్టుగూళ్లు ఏరి తెచ్చిన కూలి కూడా దాని మీదే వేశాను. రెండో ఆషాఢం సగానికి వచ్చింది.

“పద, ఇప్పుడే కొనుక్కొద్దాం. శ్రావణం వస్తే ధర కొండెక్కుతాది,” అన్నాను.

“ఆషాఢంలో గుర్రాన్ని ఇంటికి తెస్తారా ఎవురన్నా?”

“అమ్మేటప్పుడు అడ్డం రాని ఆషాఢం కొనేటప్పుడు వస్తాదా?”

మా ఆయన లేచి చొక్కా వేసుకున్నాడు.

పెనుకొండలో గంగాధరప్ప కొట్టం ఖాళీగా ఉంది. “రెండు నెల్లు ఎవురు మేపుతారప్పా? ధర్మవరంలో జట్కా తోలే మస్తాన్ సాయిబుకు ఇచ్చేస్తి,” అన్నాడు వక్క నములుతూ. తిట్టడానికి కూడా నాకు ఓపిక లేకపోయింది. ప్యాసింజరు ఎక్కి ధర్మవరం పోయాం.

స్టేషన్ బయటే కనిపించింది, జట్కాకు కట్టి. ఏటా ఆషాఢం దాటి వచ్చేసరికి చుక్కి డొక్కలు బయటపడి ఉండేవి. ఇప్పుడు పుట్టింట్లో ఒళ్లు చేసిన పిల్లలా ఉంది. మా ఆయన దగ్గరికి పోయి “చుక్కీ” అన్నాడు. అది చెవులు తిప్పింది, ఆయన అరచేయి వాసన చూసింది, మళ్లీ గడ్డిలో మూతి పెట్టింది.

మస్తాన్ సాయిబు పెద్ద వయసు మనిషి. సంగతంతా విన్నాడు.

“నేను కొన్న ధరకే తోలుకపోండమ్మా. నాకు పైసా ఎక్కువ వద్దు. ఇంకో గుర్రాన్ని చూసుకుంటా,” అన్నాడు.

కొంగుముడి విప్పాను. సరిపోయే డబ్బే. ఇంత దూరం పోరి తెచ్చింది నేనే, గెలిచింది కూడా నేనే. సాయిబు చేయి చాపి, మళ్లీ ఆగాడు.

“వచ్చే ఆషాఢానికి మళ్లా అమ్మరు కదా?”

మా ఆయన నా వైపు చూశాడు. నేను ఆయన వైపు చూశాను. అమ్మం అనే ఒక్క మాట ఇద్దరి నోటా రాలేదు.

“ఈడే ఉండనీ సాయిబూ,” అన్నాను. కొంగు మళ్లీ ముడి వేసుకుంటూ, నలుగురూ చూస్తున్నా ఏడ్చాను.

మా రైలు సాయంత్రానికి గానీ లేదు. బస్సుకు పొండి, బస్టాండులో దింపుతానని సాయిబు జట్కా ఎక్కమన్నాడు. నేను ఎక్కాను. మా ఆయన ఎక్కలేదు. అలవాటుగా కళ్లెం పట్టుకుని చుక్కి ముందు నడిచాడు. దారి పొడుగునా ఒక్కసారి కూడా వెనక్కి తిరగలేదు. బస్టాండు వచ్చాక కూడా కళ్లెం వదల్లేదు. సాయిబే దిగి, మెల్లగా ఆయన వేళ్లు విడిపించాడు.