తోడుకొనిన నెత్తురు

వైశాఖశుక్లపక్షమున వేసవి ముదిరి దిక్కులెల్ల వేడిబూడిద చల్లినట్లు వెలవెలబోవుచుండ నీలాద్రిపురమున కేశవస్వామి కోవెల ముంగిట మాత్రము కొబ్బరిమట్టల పందిళ్లును మామిడాకుల తోరణములును అరటికంబములును ఆ యెండకు జంకక నవనవలాడుచుండెను. ప్రాతఃకాలమారుతము యాగశాలకై తెచ్చిన దర్భల వాసనను నేతికుండల కమ్మదనమును మోసికొని గర్భాలయద్వారము దాక వచ్చి అచ్చటి కర్పూరధూమముతో గలసి నిలిచిపోవుచుండెను. మఱునాడు ధ్వజారోహణము. ఊరివారెల్లరును ఆ కోలాహలమున తలమునకలై యుండగా ప్రధానార్చకుడగు అగ్నిహోత్రము మరీచిభట్టాచార్యుల యిల్లాలు కనకవల్లి ముఖమండపపు స్తంభమున కానుకొని కూర్చుండి తులసిమాలలు గ్రుచ్చుచు నడుమనడుమ తలయెత్తి గర్భాలయములోని భర్తవంక చూచుచుండెను. ఆమె చూపు స్వామిమీద గాక స్వామిని సేవించు మనిషిమీద నిలుచుటకు కారణము లేకపోలేదు.

మరీచిభట్టాచార్యులు అఱువదియేండ్లు దాటినవాడు, ఆజానుబాహుడు, మంద్రగంభీరకంఠుడు. వైఖానసాగమమున ఆయన నాలుకకు రాని మంత్రము లేదు. తాతముత్తాతల నాటినుండి ఆ గర్భాలయసేవ వారి వంశమునదే యగుటచే ఆయనకు లోకమన్నను ఇల్లన్నను ఆ నాలుగుగోడల చీకటియే. మాటపట్టింపునకు కూడ ఆయన పెట్టినది పేరు. అంతటివాడు గడచిన కార్తికమున హారతిపళ్లెము చేతబట్టియే గుండె దడదడలాడి చెమటలు గ్రమ్మి గడపమీద చతికిలబడగా కనకవల్లి ఆయనను పట్టణమునకు దోడ్కొనిపోయి హృద్రోగవైద్యురాలగు సుగుణమ్మకు చూపించెను. సుగుణమ్మ ఈసీజీ కాగితముమీద ఒకదానితో నొకటి పొంతనలేక చెదరియున్న గీతలను చాలసేపు పరిశీలించి దంపతులకు తెలియజెప్పెను.

"పెద్దవారు, దాచకుండా చెబుతానండీ. మీ గుండె పైగదులు సరిగ్గా ముడుచుకోవడం లేదు, ఊరికే వణుకుతున్నాయి. అందువల్ల నెత్తురు అక్కడ కదలక నిలిచిపోతోంది. అమ్మా, మీరు రోజూ పాలు తోడుపెడతారు కదా? కదుపుతూ ఉంటే తోడుకోవు, కదపకుండా ఉంచితే గడ్డకడతాయి. ఇదీ అంతే. ఆ గడ్డలోంచి ఓ ముక్క జారి మెదడుకు పోయిందంటే పక్షవాతం. చెయ్యి పోవచ్చు, మాట పోవచ్చు."

"మందు?" అని ఆయన ముక్తసరిగా నడిగెను.

"నెత్తురు గడ్డకట్టనివ్వని మాత్ర ఇస్తాను. రోజూ వేసుకోవాలి. అప్పుడప్పుడూ రక్తపరీక్ష చేయించుకోవాలి. చిన్న గాయమైనా నెత్తురు ఓ పట్టాన ఆగదు. అయినా దానికి జడిసి మానెయ్యకండి. బాగానే ఉన్నాను కదా అని అసలే మానెయ్యకండి." అని పలికి ఆమె కనకవల్లివంకకు దిరిగి "మూతి ఓ పక్కకి వాలినా, చెయ్యి పడిపోయినా, మాట ముద్దయినా ఒక్క క్షణం ఆగకుండా తీసుకురండమ్మా. వెంటనే వస్తే గడ్డను కరిగించే మందు ఇవ్వగలం. ఆలస్యమైతే నా చేతుల్లో ఏమీ ఉండదు" అనెను.

ఆ మాటలు కనకవల్లి గుండెలో నాటుకొనిపోయెను. నాటినుండి ఆమె ప్రతిదినమును భోజనానంతరమున మాత్రను భర్త చేతబెట్టి ఆయన మ్రింగినదాక ఎదుటనుండి కదలెడిది కాదు. "చంటివాడికి ఆముదం పోసినట్టు ఏమిటే ఈ కాపలా" అని ఆయన విసుగు నటించుచునే మ్రింగెడివాడు. ఆరునెలలు నిశ్చింతగా గడచెను.

ఇట్లుండ ఆ ధ్వజారోహణపూర్వదినమున స్వామికి పెద్దహారమును అలంకరించు తఱి హారములోని యినుపతీగ మొన గ్రుచ్చుకొని మరీచిభట్టాచార్యుల బొటనవ్రేలు చీలెను. ఎంతగాటు? ఆవగింజంత. మఱియొకనికైనచో నోటబెట్టుకొనినంతలో ఆగవలసినది. ఆయనకు ఆగలేదు. అంగవస్త్రముతో చుట్టుకొనులోపలనే రెండు నెత్తురుబొట్లు స్వామి పాదపీఠముమీద పడెను. స్తంభముచెంత కనకవల్లి చేతిలోని తులసిమాల నేలజాఱెను.

గర్భాలయమున రక్తపాతము మహాదోషమని ఆగమము ఘోషించుచున్నది. తక్షణమే తెరవైచి పూజ నిలిపి పుణ్యాహవాచనమును కలశాభిషేకమును శాంతిహోమమును సంప్రోక్షణమును జరిపినగాని మరల స్వామి దర్శనమీయరాదు. దూరగ్రామములనుండి బండ్లు కట్టుకొని వచ్చిన జనులు మధ్యాహ్నము దాక ఎండలో నిలువుకాళ్లమీద నిలిచిరి. కొందఱు నిట్టూర్చిరి; కొందఱు ఉత్సవమునకు ముందే అపశకునమని గొణిగిరి. ఆ గొణుగుడు ఎంత దూరము ప్రాకునో మరీచిభట్టాచార్యులకు తెలియును. తలుపులు తెఱచిన పిమ్మట ఆయన తమ్ముడును సహార్చకుడును అగు కాశ్యపాచార్యులు అన్నను ప్రాకారపు మూలకు దీసికొనిపోయెను.

"అన్నయ్యా, నామీద కోపం వస్తే రానీ. రేపు దీక్షాకంకణం కట్టుకుంటే ఉత్సవమంతా నీ చేతిమీదుగానే నడవాలి. నడుమ మళ్లీ ఇట్లా జరిగితే కల్యాణమే ఆగిపోతుంది. ఊళ్లో తలెత్తుకోగలమా? నీ వంట్లో బాగాలేదు. ఈ ఒక్క ఏడూ నన్ను కట్టుకోనియ్యి."

"నాన్నగారు పోయినప్పట్నుంచీ ఆ కంకణం నా చేతికే కట్టారు. నేనుండగా ఇంకొకరు కట్టుకోవడమేమిట్రా? నెత్తురు కారడమేగా మీ అందరి బాధ?"

కాశ్యపాచార్యులు "అయితే ఉత్సవమయ్యేదాకా ఆ మాత్ర మానెయ్యి. తర్వాత వేసుకుందువుగాని" అనెను. అతనికి అన్నపై ప్రేమ లేదని తలపరాదు. అతడు కోవెలలో పుట్టి కోవెలలో పెరిగినవాడు. కంటికి కనబడు రెండుబొట్ల నెత్తురు అతనికి ప్రళయమువలె దోచెను గాని కంటికి కనబడని నెత్తురు సంగతి తలకెక్కలేదు.

ఆ సాయంకాలము కనకవల్లి యథాప్రకారము మాత్ర తెచ్చి నిలువగా ఆయన చేయి చాపలేదు.

"ఉత్సవమయ్యేదాకా వద్దు. లోపల పెట్టు."

"డాక్టరమ్మకి ఒక్కసారి ఫోన్ చేసి అడుగుతానండీ. ఏదైనా ఉపాయం చెబుతుందేమో."

"గర్భాలయం సంగతి ఆవిడకేం తెలుస్తుందే? అడిగితే మానొద్దనే అంటుంది. స్వామి కైంకర్యం దగ్గర ఒళ్లు దాచుకోమంటావా?"

"దాచుకోమనడం లేదు. కాశ్యపను కట్టుకోనియ్యండి, ఒక్క ఏడే కదా అంటున్నాను."

"నువ్వూ వాడి పక్షమేనన్నమాట" అని ఆయన విస్తరిముందునుండి లేచిపోయెను. కనకవల్లి కన్నీరు తుడుచుకొని మాత్రను మరల డబ్బాలో వైచెను.

మఱునాటినుండి ఆయనకు దీక్ష. యాగశాలయందే పడక, ఏకభుక్తము, ఆ యొక్క భోజనమును ఇంటనుండి కనకవల్లి మడితో వండి కొనిపోవలెను. మొదటిదినమున పెరుగన్నము కలుపుచుండగా ఆమెకొక యూహ తట్టెను. మాత్రను నూఱి అందు కలిపివేసినచో ఆయనకు తెలియనే తెలియదు. ఆమె మాత్రను దీసి సన్నికల్లుమీద పెట్టినది కూడ. ఇంతలో ఆమె కన్నులయెదుట ఆ పీఠమును దానిమీది నెత్తురుబొట్లును మెదలెను. దీక్షలోనున్నవానిని మోసగించి తినిపించినందువలన మరల గర్భాలయమున నెత్తురు పడినచో ఆ పాపమెవరిది? ఆమె సన్నికల్లుమీది మాత్రను దీసి డబ్బాలో వైచి మూత బిగించి అన్నము పట్టుకొనిపోయెను. ఫోన్ చేయవలెనని నాడు మూడుమాఱులు తలచెను. ఆయన మాట దాటుటకు మనసొప్పక మూడుమాఱులును ఊరకుండెను.

ఉత్సవము వైభవోపేతముగా సాగెను. శేషవాహనమున హనుమద్వాహనమున స్వామి ఊరేగుచుండ మరీచిభట్టాచార్యులు ముందునడచి స్తోత్రపాఠము చేయుచుండిన తీరు చూచి ముదుసళ్లు ఆయన తండ్రిని తలచుకొనిరి. వ్రేలిగాయము మానిపోయెను. "చూశావా, గుండ్రాయిలా ఉన్నాను. అనవసరంగా బెంగపెట్టుకున్నావు" అని ఆయన విస్తరియొద్ద భార్యను ఆటపట్టించెను. కనకవల్లియు నవ్వెను. నిజము చెప్పవలెనన్న ఆమెకు లోలోన సిగ్గుకూడ కలిగెను. ఇంత భక్తుని విషయమున తాను స్వామిని నమ్మలేకపోతినే యని. పాపము, నాటికే ఆ వణకు గుండెగదిలో నెత్తురు నిలిచి నిలిచి చిక్కబడుచుండెనని ఆ యిద్దఱిలో నెవరికి తెలియును? గరుడోత్సవమునాడు మాత్రము ఆయన వాహనము ముందర ఒకమాఱు ఆగి ఱొమ్మున చేయిబెట్టుకొని మరల నడచెను. ఆమె చూచెను. ఆమె చూచుట ఆయనయు చూచెను.

కల్యాణదినము వచ్చెను. అభిజిల్లగ్నమునకు మంగళవాద్యములు మిన్నుముట్ట మరీచిభట్టాచార్యులు కుడిచేత మాంగల్యమును పైకెత్తి జనులకు నలుదెసల చూపుచు మంత్రమందుకొనెను. రెండవపాదమున ఆయన నాలుక తడబడెను. మూడవపాదము మంత్రము కాదు, మాటయు కాదు. ముద్దగట్టిన యొక మూలుగు. పైకెత్తిన చేయి దానంతట తాను మెల్లగా దిగిపోగా మాంగల్యము వ్రేళ్లనుండి జాఱి పీటమీద పడెను. ఆయన తెల్లబోయి తన చేతివంకనే మఱియొకని చేతిని చూచినట్లు చూచుచు ప్రక్కకొఱగెను. జనులేమి చేసిరనుకొంటిరి? స్వామి ఆయనను ఆవేశించెనని పరవశులై గోవిందనామమును దిక్కులు మాఱుమ్రోగ పలికి చేతులు జోడించిరి. అంతమంది జనములో ఆయన మూతి ఎడమకు వంకరపోయియుండుట చూచినది కనకవల్లి యొక్కతె. ఆమె మడియనక మైలయనక మండపమెక్కి భర్త తలను ఒడిలోనికి దీసికొనెను.

"కారు పిలిపించు కాశ్యపా. ఇది ఆవేశం కాదు. డాక్టరమ్మ చెప్పింది ఇదే."

కాశ్యపాచార్యులు అన్న మణికట్టును చూపెను. "వదినా, చేతికి కంకణముంది. కంకణం కట్టుకున్నవాడు పొలిమేర దాటకూడదు. ధ్వజం దిగకుండా దాటితే ఊరికే అరిష్టం. యాగశాలలో పెద్దలను అడిగి కంకణం నా చేతికి మార్పించి..." అనుచు అతడు యాగశాలకు పరుగెత్తెను. అచ్చట పెద్దలలో నొకడు ప్రాయశ్చిత్తహోమము ముందనెను. మఱియొకడు కంకణవిసర్జనము ముందనెను. వాద్యములాగెను. ఆయన కన్నులు రెండును కనకవల్లినే చూచుచుండెను. కుడిచేయి మాత్రము ఆమె ఒడిలో చచ్చినపామువలె బరువుగా పడియుండెను. ఆమె చాలసేపు ఓర్చెను, అదియు తప్పే. పిదప ఆమె ఆ మణికట్టును పైకెత్తి పసుపుదారమును పంట గొఱికి త్రెంచి పాఱవైచి "ఆ అరిష్టమేదో నాకే రానీ. కారెక్కించండి" అనెను.

పట్టణము చేరునప్పటికి వేళ మించిపోయెను. స్కానింగు చూచి సుగుణమ్మ వెలుపలికి వచ్చి కనకవల్లి ప్రక్కన బల్లమీద కూర్చుండెను.

"మెదడు ఎడమవైపు పెద్ద నాళం మూసుకుపోయిందమ్మా. గుండెలోంచి వెళ్లిన గడ్డే. కరిగించే మందుకు సమయం దాటిపోయింది. ప్రాణానికి భయం లేదు కానీ కుడిచెయ్యీ మాటా తిరిగి వస్తాయని చెప్పలేను." పిదప ఆమె "మాత్ర మానేశారా?" అని యడిగెను.

కనకవల్లి తల యూచెను.

మరీచిభట్టాచార్యులను ఇంటికి తెచ్చిన పిదప కాశ్యపాచార్యులు ప్రతిదినము వచ్చి అన్న కాళ్లయొద్ద కూర్చుండి పోవుచుండెను. ఒకనాడతడు "నేనే వదినా, నా నోటితోనే మానెయ్యమన్నాను" అని బావురుమనగా కనకవల్లి "అన్నది నువ్వు, విన్నది ఆయన, ఊరుకున్నది నేను. ఎవరు ఎవర్ని తిట్టుకుంటాం" అనెను. మంచముమీద మరీచిభట్టాచార్యులు అంతయు వినుచుండెను. ఆయనకు మాట తెలియును, మంత్రమును తెలియును. కన్నులలో ఆ యెఱుక చెక్కుచెదరలేదు. నోరు తెఱచినచో మాత్రము వచ్చునది ఒక్కటే యక్షరము, ఏమడిగినను అదియే. రెండుమూడుదినములు ప్రయత్నించి ఆయన నోరు మూసికొనెను. చేతికిని మాటకును వైకల్యము గలవాడు బింబమును తాకరాదని ఆగమము. ఆ వచనమును ఆయనకు ఎవరును జ్ఞాపకము చేయలేదు, చేయనక్కఱయు లేదు. సహార్చకుడు ప్రధానార్చకుడయ్యెను.

శ్రావణమాసమున ఒక శనివారము కనకవల్లి ఆయనను చక్రాలకుర్చీమీద కోవెలకు గొనిపోయెను. గర్భాలయపు గడప కీవల భక్తుల వరుసలో కుర్చీ నిలిచెను. ఆయన పుట్టి బుద్ధియెఱిగిన పిమ్మట ఆ గడపకీవల నిలుచుండి స్వామిని చూచుట అదియే ప్రథమము. హారతి యయ్యెను. కాశ్యపాచార్యులు తీర్థపాత్రతో వెలువడి ఒక్కొక్కరికే ఇచ్చుచు అన్నముందుకు వచ్చి నిలిచెను. మరీచిభట్టాచార్యుల యెడమచేయి అలవాటులేని తొందరతో ముందునకు సాగి నడుమనే ఆగి వెనుకకు పోయెను. తీర్థమునకు ఎడమచేయి చాపిన పిల్లలను ఆయన ఎందఱిని వారింపలేదు!

కనకవల్లి వంగి ఆయన కుడిచేతిని రెండుచేతులతో నెత్తి వ్రేళ్లను ఒక్కటొక్కటిగా మడిచి దొన్నెవలె పట్టి చాపెను. కాశ్యపాచార్యులు మొదటి యుద్ధరిణె పోసెను. అది వ్రేళ్లసందులనుండి జాఱి నేలబడెను. రెండవది పోసెను. ఆమె యెంత బిగించి పట్టినను ఆ వ్రేళ్లు దగ్గఱకు రాలేదు. మూడవదియు జాఱిపోయెను. మరీచిభట్టాచార్యులు నేలమీద ఇంకిపోవుచున్న ఆ తడినే చూచుచుండెను. వెనుక వరుసలోనివారు చేతులు చాపి వేచియుండిరి. కాశ్యపాచార్యులు ముందునకు సాగెను.