రేడియో మూగబోయిన పూట

గెడ్డం కింద నురగ దట్టంగా పట్టించి, కత్తికి కొత్త బ్లేడు బిగించి, రేడియో మాట అందుకున్నాడు. కుర్చీలో తల వెనక్కి వాల్చి కళ్లు మూసుకున్నది రిటైరైన పోస్టుమాస్టరు. ఆయన బదులు చెప్పాల్సిన పని లేదు, చెప్పే వీలూ లేదు. నీళ్ల ట్యాంకు మరమ్మతు దగ్గర మొదలైన కబురు, పక్కవీధి లాయరు పెంచుకుంటున్న పిల్లి మీదుగా సాగి, ఈ ఏటి వానల దాకా వెళ్లింది.

షాపుకి బోర్డు ఉంది, దాని మీద పేరూ ఉంది. అయినా వీధంతా అతన్ని రేడియో అనే పిలుస్తుంది. పొట్టి మనిషి, ముందుకి వంగిన భుజాలు, నెత్తి మీద మిగిలింది నాలుగు వెంట్రుకలు. ఎవరైనా దాని మీద ఎగతాళి చేస్తే అందరికంటే ముందు తనే నవ్వుతాడు. పని నేర్పేటప్పుడు తండ్రి అతనికి గట్టిగా చెప్పింది ఒక్కటే: మెడ మీద కత్తి ఉన్నంతసేపూ ఏదో ఒకటి మాట్లాడుతూ ఉండు, లేకపోతే కుర్చీలో మనిషికి భయమేస్తుంది. అప్పటినుంచి అతను నోరు మూసింది లేదు.

కూతురు గది తలుపు వేసుకున్నప్పుడు కూడా అతనికి తెలిసిన వైద్యం అదే. ఇరవై దాటిన పిల్ల చదువు మధ్యలో వదిలేసి ఇంటికొచ్చి గోడవైపు తిరిగి పడుకుంది. తిండి తగ్గించింది, స్నేహితులతో మాట్లాడటం మానేసింది. ఒకనాడు తల్లితో, "నేను లేకపోతే మీకు హాయిగా ఉంటుంది కదమ్మా" అంది. ఆ మాట విన్న దగ్గర్నుంచి రేడియో ఆ తలుపు బయట పీట వేసుకుని కూర్చుని, గొంతు ఎండిపోయేదాకా కబుర్లు చెప్పేవాడు. లోపలినుంచి ఊఁ అని కూడా వచ్చేది కాదు.

మొదట పెద్దాసుపత్రికి తీసుకెళ్లారు. నిద్ర పడుతోందా అని డాక్టరు పిల్లని అడిగితే, "ఎక్కడండీ" అని రేడియో అందుకున్నాడు. పిల్ల ఏం తింటుందో, ఏం వదిలేస్తుందో, చిన్నప్పుడు ఎంత చలాకీగా ఉండేదో అంతా తనే చెప్పాడు. పిల్ల తన చెప్పుల వంక చూస్తూ కూర్చుంది. ఆ డాక్టరు ఇచ్చిన మందులు నిద్ర తెచ్చాయి, మాట తేలేదు. తర్వాత తన షాపుకొచ్చేవాళ్లలోనే ఉన్న ఒక కౌన్సెలర్‌ని పట్టుకున్నాడు. కుర్చీలో తల కదపకుండా కూర్చునే మనిషి ఎదుటివాళ్లు చెప్పేది బాగా వింటాడని అతని నమ్మకం. ఆ పెద్దమనిషి పిల్లని చూడగానే, "నీకేం తక్కువమ్మా?" అన్నాడు. ఆమె ఇంటికొచ్చి మళ్లీ తలుపు వేసుకుంది. ఆయన కుర్చీలో కదలనిది నిద్రపోవడం వల్లేనని రేడియోకి ఆ తర్వాత గాని తెలియలేదు.

"తలలు చూసి ఎంచింది చాలు. ఈసారి నేను వెతుకుతాను" అంది భార్య. ముందు పిల్లనే అడిగింది, ఎలాంటి వాళ్ల దగ్గరికైతే వస్తావని. నన్ను మార్చేస్తానని బయల్దేరని వాళ్లయితే వస్తానంది పిల్ల.

మందుల షాపు మీద మేడగది, రెండు పేము కుర్చీలు, ఒక బల్ల. నెరిసిన జడతో ఒక కౌన్సెలరమ్మ. ఆవిడ పిల్లని ఏదో అడిగింది. అలవాటుగా రేడియో జవాబు చెప్పాడు. ఆవిడ చివరిదాకా విని, "బాగా చెప్పారండీ. ఇక కాసేపు బయట కూర్చోండి" అంది.

"నా కూతురి సంగతి నాకు తెలీదా అమ్మా?"

"మీకు తెలిసింది చెప్పారుగా. తనకి తెలిసింది తను చెప్పాలి."

మొహం ముడుచుకుని మెట్ల మీద కూర్చున్నాడు.  చాలాసేపటికి లోపలినుంచి ఒక గొంతు మొదలైంది. సన్నగా, కోపంగా, మధ్యలో ఏడుస్తూ, ఊపిరి తిప్పుకుని మళ్లీ అందుకుంటూ. ఒక్క మాటా స్పష్టంగా తెలియలేదు, తెలుసుకోవాలనీ అనిపించలేదు. తన కూతురు మాట్లాడుతోంది. మెట్లెక్కి వచ్చేవాళ్లు చూస్తున్నా సిగ్గుపడకుండా అతను వెక్కి వెక్కి ఏడ్చాడు.

ఆ తర్వాత వారం వారం స్కూటరు మీద తీసుకెళ్లడం, ఆ మెట్ల మీదే కూర్చోవడం. ఇవాళ కూడా మధ్యాహ్నం షట్టరు దించి బయల్దేరాలి.

"అందుకే ఈ వానలు..." అంటూ పోస్టుమాస్టరు గొంతు దగ్గరికి కత్తి తెచ్చాడు.

"నాన్నా."

గుమ్మంలో కూతురు. దువ్విన తల, ఉతికిన బట్టలు. ఇంటినుంచి ఇక్కడిదాకా వీధి వీధంతా చూస్తుండగా నడిచి వచ్చింది. చేతిలో హెల్మెట్టు.

"అదేంటి తల్లీ, నేనే వచ్చేవాణ్ణిగా!"

"స్కూటరుకనే బయల్దేరా గానీ, ఇవాళ నేనే వెళ్తా. బస్సులో."

ఎండ, రద్దీ, దిగాల్సిన స్టాపు, చిల్లర, ఫోను. చెప్పాల్సినవన్నీ ఒక్కసారిగా నోటిదాకా వచ్చాయి. పిల్ల అతని మొహం వంక చూస్తూ నిలబడింది. అవన్నీ అతను మింగేశాడు.

"సరేనమ్మా" అన్నాడు.

ఆమె లోపలికొచ్చి హెల్మెట్టు అద్దం కింద పెట్టింది. "సాయంత్రం ఇంటికి తెచ్చెయ్" అని, చిన్నగా నవ్వి, మెట్లు దిగింది. మలుపు దగ్గర బస్సు ఆగింది. జనంతో పాటు ఎక్కింది. బస్సు వెళ్లిపోయింది.

షాపు నిశ్శబ్దమైపోయింది. పోస్టుమాస్టరు ఒక కన్ను తెరిచాడు.

"ఏం రేడియో, కరెంటు పోయిందా?"

"లేదండీ. ఉండండి కాసేపు. ప్రాణం లేచొచ్చింది."

అద్దం కింద, దువ్వెనలకీ పౌడరు డబ్బాకీ మధ్య హెల్మెట్టు ఉంది, దాని పట్టీకి ఒక పొడవాటి వెంట్రుక చుట్టుకుని ఫ్యాను గాలికి ఊగుతోంది.