వినేవాళ్ల కుర్చీ

“దుమ్ము దులిపేటప్పుడు నువ్వే ఏ వైరో కదిపుంటావు” అన్నారు మా ఆయన, తల కూడా తిప్పకుండా.

కొత్త హోమ్ థియేటరు రిసీవరు, అంటే స్పీకర్లన్నిటికీ శబ్దం పంచే పెట్టె, ఇంటికొచ్చి పదకొండు రోజులైంది. ఈలోపు నాలుగుసార్లు సినిమా మధ్యలో టక్కుమని ఆగిపోయింది. నాలుగుసార్లూ తప్పు నా గుడ్డముక్కదే. మొదటిసారి ఆగినప్పుడు నేనింకా దాని మీద చెయ్యే వెయ్యలేదన్నాను. అయితే దగ్గర్లో తడిగుడ్డ పెట్టి తుడిచుంటావు, చెమ్మ లాగేసుంటుంది అన్నారు అత్తయ్య. ఆవిడ దగ్గర ఎప్పుడూ ఇంకో కారణం సిద్ధంగా ఉంటుంది.

ఈ ఇంట్లో వస్తువులకి ముందువైపు వాళ్లది, వెనకవైపు నాది. ఫ్రిజ్ వెనక జిడ్డు, టీవీ వెనక సాలెగూడు, వాషింగ్ మెషీన్ వెనక జారిపడి ఎండిపోయిన సాక్సులు నాకు తప్ప ఎవరికీ తెలియవు. అలాగే రిసీవరు వెనక చీమతలకాయంత అక్షరాలు చదివింది కూడా నేనొక్కదాన్నే. తగిలించే స్పీకరు నిరోధం ఆరు ఓమ్‌లకి తగ్గకూడదని ఉంది. మా నాలుగు స్పీకర్లూ ఎనిమిదేసి ఓమ్‌లవి. ఏ ఇబ్బందీ రాకూడదు. కానీ వాటిని తగిలించింది బావగారు, అంటే మా ఆయన అన్నగారు. కరెంటు వస్తువులన్నిటికీ మా ఇంటిల్లిపాదికీ ఆయనే డాక్టరు. గది వెనక పెట్టిన రెండు స్పీకర్ల వైర్లకి రిసీవరులో వేరే చోటు ఉంటే, దాన్ని చూడకుండా, ముందు స్పీకర్ల వైర్లతోనే కలిపి మెలేసి బిగించేశారు. “ఎక్కడ పెడితే ఏంట్రా, మోగాలి అంతేగా” అన్నారు తమ్ముడితో. ఒకేచోట రెండేసి తగిలిస్తే ఎనిమిది కాస్తా నాలుగవుతుంది. భారం రెట్టింపవుతుంది. రిసీవరు వేడెక్కి, పాడవకుండా తనంతట తనే ఆగిపోతుంది. దానికి ఆ తెలివి ఉన్నందుకు నాకు కొంచెం అసూయ కలిగింది. పైగా ఒక స్పీకరుకి ఎర్ర వైరూ నల్ల వైరూ తారుమారు చేశారు. సినిమాలో మనుషులు నూతిలోంచి మాట్లాడుతున్నట్టు వినిపించేది అందుకే.

ఇవన్నీ డిగ్రీ రెండో ఏడాది భౌతికశాస్త్రం ల్యాబులో నేను చేతులతో చేసినవే. ఆ మాటే మా ఆయనతో అన్నాను. ఆయన ఫోన్ తీసి అన్నగారికి చెప్పి నవ్వారు. అవతలనుంచి నవ్వుతూనే, “నీకెందుకమ్మా ఆ గొడవ, షాకు కొడుతుంది” అన్నారు బావగారు.

అదైనా సర్దుకునేదాన్నేమో. ఎడమవైపు వెనక స్పీకరు కోసం కిటికీ దగ్గరున్న నా కుర్చీ తీసి బాల్కనీలో పెట్టారు. పనయ్యాక ఓ అరగంట చదువుకునే కుర్చీ అది. ఇప్పుడు దాని మీద తడి తువ్వాళ్లు ఆరుతున్నాయి. నేనెక్కడ కూర్చోవాలని అడిగితే మా ఆయన ఆశ్చర్యపోయారు.

“నువ్వెప్పుడు కూర్చుంటావు? అస్తమానం లేస్తూనే ఉంటావుగా.”

కోపంతో అనలేదు. నిజంగానే తెలియక అడిగారు. ఆ మాట లోపల దిగబడిపోయింది.

ఆదివారం బావగారివాళ్లు మా ఇంటికి సినిమా చూడ్డానికి వస్తామన్నారు. వాళ్లని తీసుకురావడానికి బయల్దేరుతూ, “వాళ్ల ముందు ఆగిందంటే నా పరువు పోతుంది. ఇవాళ నువ్వు దాని దరిదాపులకి వెళ్లకు” అన్నారు మా ఆయన.

తలుపు వేసి, ప్లగ్గు తీసేసి, రిసీవరు వెనక్కి చేరాను. మెలేసిన వైర్లు విప్పాను. వెనక స్పీకర్ల వైర్లని వాటి చోట బిగించాను. ఎరుపుకి ఎరుపు, నలుపుకి నలుపు. అట్టపెట్టె అడుగున ఒక చిన్న మైకు దొరికింది. మొన్న బావగారు దాన్ని నోటి దగ్గర పెట్టుకుని హలో హలో అని, పలకలేదని పడేసిన మైకు. అది పాడేందుకు కాదు, వినేందుకు. వినేవాళ్లు కూర్చునే చోట, చెవుల ఎత్తులో పెట్టాలని రిసీవరుతో వచ్చిన పుస్తకంలో ఉంది. రిసీవరు ఒక్కో స్పీకరునుంచీ చప్పుడు పంపి, ఆ చోటుకి ఎంత దూరమో కొలిచి, శబ్దమంతా అక్కడికి సరిపోయేలా దిద్దుకుంటుంది.

సోఫా వైపు చూశాను. తర్వాత బాల్కనీకి వెళ్లి తువ్వాళ్లు తీసేశాను. స్పీకరుని మూరెడు జరిపి, కుర్చీని కిటికీ దగ్గర దాని పాత చోట పెట్టి, పుస్తకాలు పేర్చి వాటి మీద మైకు నిలబెట్టి, దాని వైరు రిసీవరుకి తగిలించి, ప్లగ్గు మళ్లీ పెట్టాను.

కొలిచేటప్పుడు ఇల్లు నిశ్శబ్దంగా ఉండాలి. ఫ్యాను ఆపాను. కూర సగం ఉడికిన స్టవ్వూ ఆపాను. గదిలోంచి అత్తయ్య టీ అడిగారు.

“ఇప్పుడు కాదత్తయ్యా. పది నిమిషాలు ఎవరూ మాట్లాడకూడదు.”

మొదటి చప్పుడు వస్తుండగానే వాళ్లంతా వచ్చారు. నోరు తెరవబోయిన మా ఆయనకి అరచెయ్యి చూపించాను. చెప్పులు విప్పుతూ విప్పుతూ గుమ్మంలోనే ఆగిపోయారు, బావగారితో సహా. ముందునుంచి, పక్కనుంచి, వెనకనుంచి ఒక్కో స్పీకరూ పలికి నా కుర్చీ ఎక్కడుందో కనుక్కుంది.

నేను నా కుర్చీలో కూర్చున్నాను. సినిమా మొదలైంది. గంటయినా ఆగలేదు. మాటలు తేటగా ఉన్నాయి. బావగారు రిసీవరు వెనక్కి వంగి చూసి వచ్చి కూర్చున్నారు. సోఫాలో మా ఆయనే ఇటూ అటూ కదిలారు.

“ఇక్కడికి ఒకపక్కే ఎక్కువ వినిపిస్తోందేంటి?”

“కొలత ఈ కుర్చీకి తీశానండీ.”

“మరి మాకు?”

“పుస్తకంలో అంతా ఉంది. చదివి మార్చుకోవచ్చు.”

అత్తయ్య గొంతు సవరించుకుని, ఇందాకటి టీ ఏమైందన్నారు. అందరూ నా వైపు చూశారు. వంటింట్లో స్టవ్ ఇంకా ఆపే ఉంది. దాన్ని వెలిగించడానికి ఎవరూ లేవలేదు.

నేనూ లేవలేదు.