నిండు గాట్ల అంచు

సిగ్నల్ తూటాను గుర్తుపట్టడానికి కళ్లు అక్కర్లేదు. చీకట్లో సైనికుడు దాని అడుగు అంచును బొటనవేలితో తడిమి చూసుకుంటాడు. చుట్టూ గాట్లుంటే ఎరుపు, సగం దాకే ఉంటే ఆకుపచ్చ, నున్నగా ఉంటే తెలుపు. ఎరుపు లేస్తే ఆగమని, ఆకుపచ్చ లేస్తే ముందుకు రమ్మని. పగటికైతే పొగ తూటాలు వేరే ఉన్నాయి. చీకటి పడ్డాక మాత్రం ఆ గాట్లను నమ్మే మనిషి ప్రాణం ఒడ్డుతాడు.

అవి నింపే ఫ్యాక్టరీలో, అందరూ పెద్దమ్మ అని పిలిచే ఆవిడ ముప్పై ఏళ్లు పనిచేసింది. ఇప్పుడు, కాలం చెల్లి తిరిగొచ్చిన తూటాలను కాల్చి చూసి తగలబెట్టే యార్డులో ఉంది. కోడలిదీ అక్కడే పని. ఇసుక బస్తాలు పేర్చిన, కిటికీ లేని గదిలో కూర్చుని రిజిస్టరు రాస్తుంది. బయట అత్త ఏది అరిస్తే లోపల కోడలు అదే రాస్తుంది.

ఆ మబ్బు సాయంత్రం మేస్త్రీ ఒక పెట్టె తెరిచాడు. మూడు రంగులూ కలిపి కట్టిన పెట్టె, ఏడు మిగిలాయి. మూత మీది నంబరు, పటాలం ముద్ర చూడగానే పెద్దమ్మ దాన్ని గుర్తుపట్టింది.

కొడుకు అదే పటాలానికి బయల్దేరిన రోజు ఆమె చేతుల మీదుగా వెళ్లిన పెట్టె అది. వాడు గేటు దగ్గర నిలబడ్డాడని తెలిసి పరుగెత్తింది. లేచేటప్పుడు బల్ల ఖాళీ చేసి లేవాలన్నది అక్కడి మొదటి నియమం. ఆ రోజు చెయ్యలేదు. తిరిగొచ్చి కళ్లనీళ్లతోనే పనిలో పడింది. చేతిలో ఆకుపచ్చ వెలుగిచ్చే మందుగుండు బిళ్లలు, ఎదురుగా నిండు గాట్ల గొట్టాలు. కాసేపటికి తప్పు తెలిసొచ్చింది. తప్పుగా నింపినవన్నీ ఏరేశాననే అనుకుంది.

తొమ్మిది నెలలకు ఉత్తరం వచ్చింది. ఆగమనాల్సిన చోట కొడుకు ముందుకు రమ్మని వెలుగు లేపాడట. వాడితో కలిపి పదకొండు మంది పోయారు. తప్పు వాడిదేనని రాశారు. "వేళ్లకు బుద్ధి లేని మనిషిని కట్టుకున్నాను" అని కోడలు గోడకు చెప్పుకుంటూ ఏడ్చింది. పెద్దమ్మ నోరు తెరవలేదు. పదహారేళ్లు.

"ఏంటి పెద్దమ్మా, దెయ్యాన్ని చూసినట్టు చూస్తున్నావ్?" అన్నాడు మేస్త్రీ.

"పాచిపోయిన సరుకు బాబూ. ఊరికే గుంటలో పడేద్దాం."

"భలేదానివే! కాల్చి చూడందే గుంటలో వెయ్యకూడదని నా చెవి మెలేసి నేర్పిందెవరు?"

నాలుగు అతను కాల్చాడు. నాలుగూ సరిగ్గానే వెలిగాయి. ఇంతలో ఆఫీసులో ఫోను మోగింది. "మిగతావి నువ్వు కానివ్వు" అని పిస్తోలు ఆమె చేతిలో పెట్టి వెళ్లాడు.

అయిదు, సరే. ఆరు, సరే. ఏడోదాన్ని కళ్లు మూసుకుని తడిమింది.

"నిండు గాట్లు! ఎరుపు!" అని అరిచి కాల్చింది.

మబ్బు కింద ఆకుపచ్చ వెలుగు విచ్చుకుంది. చిన్న పారాచూట్‌కు వేలాడుతూ నింపాదిగా దిగసాగింది. గుంట, బస్తాలు, ఆమె చేతులు పచ్చబడ్డాయి. గుంటకు అవతల ఎవరో నిలబడి, సెలవు తీసుకుందామని వచ్చి మాట రాక ఆగిపోయినట్టు అనిపించింది. అటు చూసే ధైర్యం లేకపోయింది.

"రంగు?" లోపలి నుంచి కోడలు.

ఎరుపంటే చాలు. పెట్టె బూడిదవుతుంది, రాత్రికి ఇద్దరూ ఒకే గదిలో పడుకుంటారు. ఈ లోకంలో ఆమెకు మిగిలింది ఆ ఒక్క మనిషే.

"అత్తా, నిద్రపోయావా? రంగు చెప్పు."

"ఆకుపచ్చ."

"అంచు ఎరుపన్నావుగా? మళ్లీ తడుము."

"తడిమాను. అంచు ఎరుపే, లేచింది ఆకుపచ్చ. నీ మొగుడి వేళ్లు తప్పు చెయ్యలేదమ్మా. ఈ పెట్టె నింపింది నేను. ఆ రోజు బల్ల ఖాళీ చెయ్యకుండా వాడి కోసం పరుగెత్తాను."

కోడలు రిజిస్టరుతో బయటికి వచ్చింది. అత్త వైపు చూడలేదు. ఆ వెలుగు నేలను తాకి ఆరిపోయేదాకా దానివైపే చూసింది. తర్వాత అక్కడే నిలబడి రాసి, పేజీ అత్త ముందు పట్టింది.

"సంతకం పెట్టు."

పెద్దమ్మ పెట్టింది.

మేస్త్రీ తిరిగొస్తూ, "అన్నీ బాగానే వెలిగాయా?" అన్నాడు.

"లేదు," అంది కోడలు. రిజిస్టరు గుండెలకు హత్తుకుని ఆఫీసు వైపు నడిచింది. రోజూ గేటు దగ్గర "రా అత్తా, చీకటి పడుతోంది" అని చెయ్యి అందించే మనిషి, ఈసారి వెనక్కి తిరగలేదు. పెద్దమ్మ కూడా ఆగమని పిలవలేదు.